ముఖం లేని బండ్లు

రెండు బండ్లూ నడిపింది నేను. ఏది మంచిదో తేల్చేది మాత్రం మా ఇంట్లో మగవాళ్లు. బాపు ఎర్రబండి అంటాడు, మామ నీలంబండి అంటాడు. ఆ రోజు మర్ఖేల్ పొలంలో మొదలైన తగువు ఇప్పటికీ అన్నం ముందు కూర్చున్నా తెగదు. నన్నెవరూ అడగరు. అడగకపోయినా నేను ఊరుకునే రకం కాదు కనుక ఇక్కడ చెప్తున్నాను.

మాది నాందేడ్ బజారులో బేరింగులు, బోల్టులు, బండి సామాను అమ్మే దుకాణం. బేరం మరాఠీలో, హిందీలో, తెలుగులో. తిట్లు మాత్రం అచ్చంగా తెలుగులో. ఆ కౌంటర్ వెనకే పెరిగాను, చదువయ్యాక అక్కడే కూర్చున్నాను. నా ప్రాణమంతా మోటోక్రాస్ మీద ఉండేది. అంటే తారురోడ్డు మీద పందెం కాదు. మట్టిదిబ్బలు, గుంతలు, గట్టి వంపులు. బండి గాల్లోకి లేచి కిందికి దిగాలి, దిగిన చోటి నుంచే మళ్లీ ఉరకాలి. మర్ఖేల్‌లో మా మామకు, అంటే మా అమ్మ తమ్ముడికి, పొలం ఉంది. ఆయన పాత బండి మీద పొలం గట్లు దూకించడం ఎప్పుడో నేర్చుకున్నాను. అసలైన మోటోక్రాస్ బండి మాత్రం ఎక్కింది లేదు. పూణె దగ్గర ఆడవాళ్లకు విడిగా పోటీ పెడుతున్నారని తెలిసినప్పటి నుంచి నాకు నిద్ర కరువైంది, నా వల్ల ఇంట్లో వాళ్లందరికీ కరువైంది.

నా పక్షాన మాట్లాడింది ఒక్క అవ్వే. బాపును కన్నతల్లి. ఇస్లాపూర్ పిల్ల, పెళ్లికి ముందు పుట్టింట్లో ఎడ్లబండి తోలిందట. నేను తోలితే ఎవరి కొంప మునిగింది, ఇది తోలితే మునగడానికి అని పొద్దూ మాపూ కొడుకు చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. చివరికి బాపు దిగొచ్చాడు, కానీ ఒక మెలిక పెట్టాడు.

"రెండు బండ్లు నా కండ్ల ముంగట నడుపు. పడకుంట అచ్చినవనుకో, ఒకటి ఉంచుత. పడ్డవా, రెండు ఎనుకకు పోతయి. ఇగ గా ముచ్చట ఇంట్ల తియ్యద్దు."

పడకుండా మోటోక్రాస్ నేర్చుకున్న మనిషి ఈ భూమ్మీద లేడు. ఆ సంగతి బాపుకు బాగా తెలుసు, అందుకే ఆ మెలిక. నాకు ఒళ్లు మండింది. అయినా సరేనన్నాను, ఇంకేం చేస్తాను?

రెండు బండ్లూ పాతవే. ఎర్రది హైదరాబాద్ నుంచి, నీలంది పూణె నుంచి. నచ్చితే ఉంచుకోండి, లేకపోతే పంపేయండి అన్న మాట మీద మామ తెప్పించాడు. దుకాణం ముందు టెంపోలో నుంచి దించగానే చుట్టుపక్కల దుకాణాల వాళ్లంతా మూగారు. సీటు నా నడుము దాటి ఉంది. హారన్ లేదు, మీటర్ లేదు, హెడ్‌లైట్ లేదు. ఈ బండికి ఇంకా సామాను బిగించాలా అని ఎదుటి బట్టల దుకాణం ఆయన అడిగాడు.

అవ్వ పళ్లెం పట్టుకుని వచ్చింది. కొబ్బరికాయ, నిమ్మకాయలు, కుంకుమ. ఆమె బొట్టుకు ఒక పద్ధతి ఉంది. పొడి కుంకుమ గాలికి పోతుందని నువ్వుల నూనెలో కలిపి పెడుతుంది. దసరాకు దుకాణంలో కాటాకు, గల్లాపెట్టెకు, షట్టరుకు పెట్టిన బొట్టు మళ్లీ దసరా దాకా చెక్కుచెదరదు. ఏ బండి కొన్నా ఆ బొట్టు హెడ్‌లైట్ మీదే, అది బండికి ముఖం కనుక. ఆ రోజు రెండు బండ్ల చుట్టూ తిరిగి తిరిగి, దీనికి మొఖమేది అని అడిగింది. మామ నవ్వి, నువ్వే వెతుక్కో అన్నాడు. ఆమెను అక్కడే వదిలేసి మేమంతా అటుకుల పోహే తినడానికి లోపలికి పోయాం.

మామ పొలంలో ఒక ముక్క ఏటా నీళ్లు నిలిచి సోయాబీన్‌ను కుళ్లబెడుతుంది. విసిగిపోయి అక్కడ మొరం పోయించి, దిబ్బలు లేపి, ట్రాక్ చేశాడు. ముందు పొడుగాటి దారి, తర్వాత పెద్ద దిబ్బ, దిబ్బ దిగగానే ఎడమకు గట్టి మలుపు. మలుపులో తిరగకుండా నేరుగా పోతే పత్తిచేను. చేనులో గోడ లేని బావి. ట్రాక్ వేసిన మనిషికి బుద్ధి లేదా అని అడక్కండి, అప్పుడే బాపు అడిగాడు. ఉన్న పొలం అంతే అన్నాడు మామ. అంతకుముందే వాన పడి వెలిసింది. మొరం ఆరింది గానీ, అంచు దాటితే నల్లరేగడి ఇంకా జిగటగానే ఉంది.

అమ్మ చూడలేనని దుకాణంలోనే ఉండిపోయింది. అవ్వ మాత్రం మొండికేసి టెంపోలో ముందు సీటెక్కి వచ్చింది. చెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీ వేస్తే దాన్ని ట్రాక్ దగ్గరికి ఈడ్చుకుని కూర్చుంది. బాపు కూర్చోలేదు. మలుపు దగ్గర, బావికి అడ్డంగా నిలబడ్డాడు. అక్కడెందుకు నిలబడ్డాడో నాకు అర్థమైంది.

ముందు ఎర్రబండి. నాలుగు స్ట్రోకుల ఇంజన్. కొంచెం తిప్పితే కొంచెం, ఎక్కువ తిప్పితే ఎక్కువ, అడిగినంత ఇస్తుంది. తక్కువ స్పీడులో కూడా ట్రాక్టర్ లాగా గుంజుకుపోతుంది, గేర్ తప్పు వేసినా గొణగదు. బరువు మాత్రం బరువే. దిబ్బ మీద లేచినప్పుడు ముందు చక్రం ముందుగా దిగాలని చూసింది. ముందు బ్రేక్ మెత్తగా అనిపించింది. కొత్త బండి, నా చేతికి అలవాటు లేదు అనుకున్నాను. ఎందుకంటే దీనికి బ్రేక్‌తో పెద్దగా పని పడలేదు. యాక్సిలరేటర్ వదిలితే చాలు, వెనక నుంచి ఎవరో పట్టి లాగినట్టు ఇంజనే బండిని ఆపుతుంది. మలుపు సాఫీగా తిరిగాను. ఆపి దిగేసరికి బాపు ముఖంలో రంగు వచ్చింది. ఇది మనుషులు నడిపే బండి అని మామతో గొప్పగా అన్నాడు.

తర్వాత నీలంది. రెండు స్ట్రోకుల ఇంజన్, పొగ, కాలిన ఆయిల్ వాసన. ఎర్రదాని మీద నుంచి దీని మీదికి వస్తే సైకిల్ ఎక్కినంత తేలిక. కింద స్పీడులో ఏమీ ఉండదు, చచ్చిపోయిందా అనిపిస్తుంది. క్లచ్ కొట్టి తిప్పితే ఒక్కసారిగా అందుకుంటుంది, చేతులు ఊడి వస్తాయేమో అన్నంతగా. దిబ్బ మీద ఎగిరింది చూడండి, బాబోయ్, ఎర్రది దీని ముందు దిగదుడుపు. గాల్లో ఎటు వంచితే అటు వంగింది. నేను హెల్మెట్ లోపల గట్టిగా నవ్వాను. దిగాక మలుపు కోసం యాక్సిలరేటర్ వదిలాను.

బండి ఆగలేదు. రెండు స్ట్రోకుల బండిని ఇంజన్ ఆపదు, బ్రేకే ఆపాలి. పట్టాను. లివర్ మామూలుగానే వచ్చింది, చక్రం మాత్రం పట్టు చిక్కక జారుతూనే ఉంది. బలమంతా పెట్టి నొక్కాను, కాలితో వెనక బ్రేకూ తొక్కాను, చాల్లేదు. మలుపు వెళ్లిపోయింది. బాపు పక్కనుంచి దూసుకుపోయాను. చేతులు చాచి నా మీదికి రాబోయి, తప్పుకోవడం కనిపించింది. పత్తిమొక్కలు కాళ్లకు కొడుతున్నాయి. ఎదురుగా బావి. నాకు గుర్తున్నది ఒక్కటే, బండిని పక్కకు పడేయాలి. పడేశాను.

బావికి రెండు మంచాల దూరంలో బురదలో ఆగాను. ఎముకలన్నీ ఉన్నాయి. ముందు చక్రం నా ముఖం పక్కనే ఇంకా తిరుగుతోంది. దాని మెరిసే బ్రేక్ డిస్క్ మీద ఎర్రగా, గోధుమగా ఏదో పట్టేసి ఉంది. గ్లవ్ తీసి వేలితో రాసి చూశాను. ఆయిల్ సీల్ పోయిందేమో అనుకున్నాను గానీ, బండి ఆయిళ్ల వాసన నాకు పుట్టుకతో తెలుసు. ఇది మా దేవుడి గూటి వాసన. నువ్వుల నూనె, కుంకుమ.

గుండ్రంగా, మెరుస్తూ, చుట్టూ రంధ్రాలతో నగలాగా ఉండే డిస్క్. అవ్వ ముఖం వెతుక్కుంది. ఎర్రబండికీ వెతికే ఉంటుంది, దాని ఇంజన్ ఆ తప్పును దాచేసింది.

బాపు చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చాడు. నా తల, చేతులు, మోకాళ్లు తడిమాడు. తడమడం అయ్యాక వెనక్కి తిరిగి, బండ్లు ఎక్కించమని మామకు చెప్పాడు. నీలంబండికి బ్రేకే లేదని బాపు, నిక్షేపంగా ఉంది పిల్లే ఆలస్యం చేసిందని మామ. బురదలో మునిగిన మనిషిని నిలబెట్టి బావాబామ్మర్దులు బండ్ల మంచీ చెడ్డా మాట్లాడుకున్నారు. జవాబు నా వేళ్లకు అంటుకుని ఉంది. ఒక్క మాట చెప్తే చాలు, ఈ పడటం నా లెక్కలోకి రాదు.

అవ్వ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని చేనులో నడిచొస్తోంది. ఏడుస్తోంది. ఆ క్షణంలో ఆమె మీద నాకు పట్టరాని కోపం వచ్చింది, నిజం చెప్తున్నాను. నూనె ఎందుకు కలపాలి? ఎవరినైనా ఒక్క మాట అడగొచ్చు కదా? కానీ బాపు సంగతి నాకు తెలుసు. ఈ బావి ముందు ఆ మాట విన్నాడంటే కన్నతల్లి అని కూడా చూడడు. ఆ తర్వాత ఆమెకు ఏ ముద్దా సుఖంగా దిగదు. నేను జరిగి చక్రానికి అడ్డంగా నిలబడ్డాను.

"నాదే తప్పు బాపూ. బ్రేక్ ఆలస్యంగ పట్టిన."

ఆ మాటతో నా పూణె పోయింది. మామ కూడా తల దించుకున్నాడు.

అవ్వ వచ్చి నా చేయి లాక్కుంది. వేళ్ల మీద ఎరుపు చూసి నెత్తురనుకుంది, కొంగుతో తుడిచింది. తుడుస్తూ ఆగింది. ఆ వేళ్లను ముక్కు దగ్గర పెట్టుకుంది. యాభై ఏళ్లుగా తాను కలుపుతున్న బొట్టు ఆమెకు తెలియకపోవడమేమిటి? నా వెనక ఉన్న చక్రాన్ని చూసింది, బావిని చూసింది. వద్దని తల ఊపాను. ఆమె నన్ను పక్కకు జరిపింది.

"నేనె పెట్టిన కొడుకా. దానికి మొఖం లేకపాయె. మెరుస్తుందని గక్కడ పెట్టిన. రెంటికీ పెట్టిన. పిల్ల అబద్ధం చెప్తున్నది, దాన్ని ఆపకు."

బాపు వంగి డిస్క్ మీద వేలు రాశాడు. బ్రేక్ సామాను అమ్మి బతికే మనిషికి ఇంకెవరూ వివరించక్కర్లేదు. అరుస్తాడని నేను పళ్లు బిగపట్టాను. అరవలేదు. బురదలోనే కూలబడ్డాడు. లేచాక మామను పెట్రోలు, గరుకు కాగితం తెమ్మన్నాడు. తనే బ్రేక్ ప్యాడ్లు విప్పి నూనె పోయేదాకా రుద్దాడు, డిస్కులు కడిగాడు, ఎర్రదానివి కూడా. తల్లితో ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె అక్కడే నిలబడి చూస్తూ ఉంది. తిట్టినా అంత బాధగా ఉండేది కాదేమో.

అన్నీ బిగించాక హెల్మెట్ నా చేతిలో పెట్టాడు.

"గిది పడుడు గాదు. పో."

దిబ్బకు ముందే రెండుసార్లు బ్రేక్ పట్టి చూసుకున్నాను. దిబ్బ దిగాక మళ్లీ అదే మలుపు, అదే బావి. ఈసారి వేళ్లు ఆనించగానే బండి ముక్కు దించి నిలబడింది. తిరిగాను. తిరిగాక ఏడుపొచ్చింది, హెల్మెట్ ఉంది కనుక సరిపోయింది.

నీలంబండినే ఉంచుకున్నాను. ఎర్రది నా తప్పులన్నీ కడుపులో పెట్టుకుంటుంది, నీలంది ఉన్నదున్నట్టు ముఖాన కొడుతుంది. పోటీకి వెళ్లాలంటే నాకు రెండోదే కావాలి. బాపు ఇప్పటికీ ఒప్పుకోడు. బ్రేక్ లేకపోయినా నిన్ను ఇంటికి తెచ్చిన బండి ఎర్రదే అంటాడు. ఆయన ఇంకా ఆ బావి దగ్గరే నిలబడి మాట్లాడుతున్నాడని నాకు తెలుసు, అందుకే ఆ ఒక్క విషయంలో ఎదురు చెప్పను.

అవ్వ ఆ తర్వాత దేనికీ బొట్టు పెట్టలేదు. దసరాకు పళ్లెం అమ్మ చేతిలో పెట్టి లోపలికి పోయింది. కాటాకు, గల్లాపెట్టెకు ఆ ఏడు అమ్మ పెట్టింది. బాపు తల్లితో మామూలుగానే మాట్లాడసాగాడు, అయినా ఆమె చేతులు ముడుచుకునే ఉన్నాయి. నేను కోరుకున్నది నాకు దక్కింది, పోయింది మాత్రం ఆమెకు. అది నాకు మింగుడు పడలేదు.

పూణె బయల్దేరే రోజు పొద్దున టెంపో వచ్చింది. అవ్వ బయటికి రాలేదు. నేను బండిని నెట్టుకుంటూ నేరుగా ఇంట్లోకి, ఆమె మంచం దాకా తెచ్చాను. గచ్చు పాడవుతుందని అమ్మ అరుస్తూనే ఉంది. దేవుడి గూట్లోంచి కుంకుమ భరిణె తెచ్చి అవ్వ ఒళ్లో పెట్టాను, పెట్టు అన్నాను. చేతులు కొంగు కింద దాచుకుంది. నేను కదల్లేదు. చివరికి తలెత్తింది.

"ఏడ పెడితె నీకేం గాదు? నువ్వే చెప్పు."

ఎక్కడ పెట్టినా ఏమీ కాదని చెప్పలేను, మోటోక్రాస్‌లో అది అబద్ధం. పోటీ కోసం ముందు బిగించిన నంబర్ ప్లేటు చూపించాను. వేలితో కుంకుమ తీసి అద్దింది. నూనె కలపలేదు, పొడిదే. ఇది ఊరు దాటకముందే గాలికి పోతుంది అవ్వా అన్నాను, తనను నవ్విద్దామని.

ఆమె నవ్వలేదు. ఆ వేలు నా చేతికే తుడుచుకుంది.

"పోతె పోనీ బిడ్డా. నువ్వు మల్ల రా."