అంచుదాకా నింపిన సీసాలు

మా పెద్దొదిన కుట్టుమిషన్ ముందు కూర్చుంటే సూది భయపడి తనే దారం ఎక్కించుకుంటుంది. అంతటి మనిషి, తోడికోడలి టమాటా సీసాలు చూసి కళ్లల్లో నిప్పులు పోసుకుంది.

చిన్నొదిన వచ్చాక మా ఇంట్లోకి ప్లాస్టిక్ ప్యాకెట్ల రాక ఆగిపోయింది. టమాటా గుజ్జు ఉడికించి, గాజు సీసాల్లో పోసి, మూతలు పెట్టి, నీళ్లలో మరిగించి ఏడాదికి సరిపడా దాచేది. అమ్మ వచ్చినవాళ్లందరికీ ఆ సీసాల వరసను చూపించి మురిసిపోయేది.

ఓ ఆదివారం పెద్దొదిన కూడా బుట్టెడు టమాటాలతో దిగింది.

"పైన కాస్త ఖాళీ ఉంచక్కా, పొంగుతుంది" అంది చిన్నొదిన.

"నీలా వెలితి సీసాలు చూపించి మెప్పు కొట్టేసే రకం కాదమ్మా నేను!" అంటూ అంచుదాకా నింపింది.

మరిగేసరికి గుజ్జు పొంగి మూతల కిందినుంచి కారింది. బడి మానేసిన నాకు కొలతలు రావుగానీ, ఆ ఎరుపు వీధి చివరిదాకా పారింది. ఒక్క మూతా బిగుసుకోలేదు.

"ఇవి నిలవుండవక్కా. ఇవాళే తినేయాలి" అంది చిన్నొదిన, నవ్వు ఆపుకుంటూ.

సరేనని అందరం తిన్నాం. అమ్మ మూడోసారి వడ్డించుకుని, "పెద్దదాని చేతిలో ఉన్న రుచి చిన్నదానికి రాలేదే!" అంది.

పెద్దొదిన మొహం వెలిగిపోయింది. ఆ పూట అంట్లు తోమింది చిన్నొదిన. గిన్నెలకు సొట్టలు పడ్డాయి.