అంతా కంపెనీ వాడి పనే

మా బాబాయికి ఒకటే జబ్బు. లోకంలో ఏం జరిగినా దాని వెనక మందుల కంపెనీ ఉందంటాడు. కుళాయిలో నీళ్ళు రాకపోతే కంపెనీ. లిఫ్టు మధ్యలో ఆగిపోతే కంపెనీ. పక్కింటావిడ కుక్క మొరగడం మానేస్తే ఇక అనుమానమే అక్కర్లేదు. ఏ కంపెనీ అని ఎవరైనా అడిగితే చుట్టూ ఒకసారి చూసి, గొంతు తగ్గించి, పేరు చెప్తే మనం మిగలం అనేవాడు. వీధిలో ఆయన అసలు పేరు అందరూ ఎప్పుడో మరిచిపోయారు. కంపెనీ బాబాయి ఇల్లెక్కడ అంటే మాత్రం చంటిపిల్లలు కూడా చెయ్యెత్తి చూపించేవారు.

బాబాయి మా నాన్నకు తమ్ముడు. పెళ్ళి చేసుకోలేదు. అది కూడా కంపెనీ వాడి పనేనని ఆయన ఎన్నడూ అనలేదు గానీ, ఆయన తరఫున మేమే అనేసేవాళ్ళం. ఉద్యోగం ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దడం. ఆ ప్రెస్సులో పుస్తకాలు వేయరు. మందుల డబ్బాల్లో మడత మీద మడత పెట్టి కూరతారే, కొన్నవాడెవడూ విప్పి చూడని సన్నక్షరాల కాగితం, అవి వేస్తారు. పగలంతా భూతద్దం పట్టుకుని వాంతులు, దద్దుర్లు, కళ్ళు తిరగడం, అరుదుగా మరణం అని చదివీ చదివీ మనిషికి అలా అయిందని పై వాటాలో బ్యాంకు ఉద్యోగి తేల్చేశాడు. పాపం, ఆ సంగతి బాబాయికి తెలిసిన వారంలోనే ఆయన బాబాయి రాసే నవల్లోకి ఎక్కి, కంపెనీ గూఢచారిగా పట్టుబడి, ఆమ్లం తొట్టిలో పడి పోయాడు.

నవల సంగతి చెప్పాలంటే ముందు నాన్న సంగతి చెప్పాలి. నాన్నకు కీళ్ళవాతం. ఒక కొత్త మాత్ర రాసిచ్చారు. వాడిన కొద్ది రోజులకే నోరంతా పుళ్ళు పడ్డాయి, జ్వరం వచ్చింది, ఆస్పత్రిలో చేర్చాం. నాన్న మళ్ళీ ఇంటికి రాలేదు. ఇంట్లో వేళకు మందులిచ్చేది అమ్మే. అమ్మ వంటింటి గోడకు చేరబడి, ఆ మాత్రల ఖాళీ అట్ట చేతిలో పెట్టుకుని, వచ్చినవాళ్ళందరినీ ఒకటే అడిగేది. "ఇవ్వడంలో నేనేమన్నా పొరపాటు చేశానా?"

వచ్చినవాళ్ళు ఛఛ అనేవారు. అని నేల చూపులు చూసేవారు. అమ్మ తిండి మానేసింది. నాకు గ్లాసుడు మంచినీళ్ళు ఇవ్వాలన్నా చెయ్యి వణికి సగం ఒలికిపోయేది. నాన్న ఎలాగూ లేడు, ఇలాగే ఉంటే అమ్మ కూడా దక్కదని బడికెళ్ళే ఆ వయసులోనే నాకు అర్థమైంది.

ఒక సాయంత్రం బాబాయి ప్రెస్సు నుంచి నేరుగా వంటింట్లోకి వచ్చి, అమ్మ చేతిలోని అట్ట లాక్కున్నాడు.

"ఇది మీ పని కాదు వదినా. కంపెనీ వాడి పని. వాళ్ళకి ముందే తెలుసు."

ఎవరికి తెలుసు, ఏం తెలుసు అని అమ్మ అడిగింది. అడగడం కోసం నిటారుగా కూర్చుంది. బాబాయి అట్ట జేబులో వేసుకుని, రేపు చెప్తానన్నాడు. మర్నాడు 'తీపిపూత' అనే నవల మొదటి అధ్యాయంతో దిగాడు.

అందులో ఊరి బయట ఒక కంపెనీ. దాని కింద నేలమాళిగ. నేలమాళిగలో తెల్ల చేతితొడుగులు వేసుకుని, ఎన్నడూ కనురెప్ప వేయని చైర్మన్. వాడు కూర్చుని ఏ ఊళ్ళో ఎవరు చావాలో ఆలోచిస్తుంటాడు. నాకు నవ్వొచ్చింది. అమ్మకు రాలేదు.

"వాడికి పెళ్ళాం ఉందా?" అంది.

లేదన్నాడు బాబాయి. "అందుకే మరి" అంది అమ్మ.

ఆ రోజు నుంచి సాయంత్రాలు మా వంటిల్లు నవలకు అంకితం. కోపానికి ఆకలెక్కువ కాబోలు, చైర్మన్‌ను తిట్టుకుంటూ అమ్మ అన్నం తినడం మొదలుపెట్టింది. క్రమంగా సలహాలు కూడా ఇచ్చేది. చైర్మన్‌కు పంటినొప్పి పెట్టమంది. వాడి కారు చక్రం ఊడదీయమంది. ఒకసారి బాబాయి పొరపాటున చైర్మన్ చిన్నప్పుడు అనాథ అని రాస్తే, అమ్మ కంచం పక్కకు నెట్టేసింది. వాడి మీద జాలెందుకు పుట్టిస్తున్నావని బాబాయిని నిలదీసి, ఆ పేజీ చింపించిన తర్వాతే చెయ్యి కడిగింది. నవల ముగిసేది కాదు. ముగియబోతుంటే ఇంకో నేలమాళిగ బయటపడేది.

మాత్రలన్నీ విషమని వీధంతా చాటే ఈ మనిషి, తన రక్తపోటు మాత్ర మాత్రం క్రమం తప్పకుండా మింగేవాడు. అదీ అమ్మ ఇస్తేనే. అమ్మ మొదట్లో గజగజలాడింది, మాత్రల అట్ట ముట్టుకోనే ముట్టుకోనంది. బాబాయి వినలేదు. "నేను తీస్తే నా వేలిముద్రలు పడతాయి వదినా. కంపెనీ వాళ్ళు కనిపెట్టేస్తారు" అన్నాడు. ఆయన వేలిముద్రలు కంపెనీ దగ్గర ఎందుకున్నాయని అడిగే ఓపిక ఎవరికీ లేదు. మొదటి రోజు అమ్మ చేతిలోంచి మాత్ర జారి పొయ్యి కిందికి దొర్లిపోయింది. బాబాయి మళ్ళీ చెయ్యి చాపాడు. కొన్నాళ్ళకు అమ్మ చెయ్యి వణకడం మానేసింది.

నేను పెద్దదాన్నై ఉద్యోగంలో చేరేసరికి నాకు మాత్రం ఆయనతో వేగడం నరకమైపోయింది. డాక్టరు గదుల ముందు కూర్చుని రోగులకు ఉపన్యాసాలిచ్చేవాడు. కాంపౌండరు బయటికి తోస్తే, తోసిన చేతికి తొడుగు ఉందో లేదో చూసేవాడు. మా ఆఫీసు స్నేహితురాలు ఇంటికొచ్చి తలనొప్పి మాత్ర వేసుకోబోతే, నిన్నెవరు పంపారమ్మా అని గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. ఆమె మళ్ళీ మా ఇంటి ఛాయలకు రాలేదు. ఈయన్ని కట్టడి చేయమని అమ్మతో పోట్లాడితే, అమ్మ ఆయన పక్షమే. ఆ నవల అచ్చయితే అయినా ఈ పిచ్చి వదులుతుందేమోనని చివరికి నేనే ఒక పబ్లిషర్ను వెతికి పట్టుకున్నాను.

పబ్లిషరుది వీధిలోంచి మెట్లు దిగి వెళ్ళే ఇరుకు గది. మనిషి మర్యాదస్తుడు, నవల మొత్తం చదివాడు కూడా. చైర్మన్ అద్భుతమన్నాడు. భాష పరుగెడుతోందన్నాడు. బాబాయి కుర్చీ అంచున కూర్చుని కొత్త పెళ్ళికొడుకులా సిగ్గుపడ్డాడు. ఒకే ఒక్క మార్పు చేస్తే వెంటనే అచ్చుకిస్తానని పబ్లిషరు టీ తెప్పించాడు.

"కంపెనీ చెడ్డదని పాఠకుడికి మొదటి పేజీలోనే తెలిసిపోయింది కదండీ. చివర్లో తిప్పేయండి. మాత్రలో ఏ దోషమూ లేదు. వారానికి ఒకటి వేయాల్సినదాన్ని ఇంట్లో భార్య రోజూ వేసింది. తెలియక, ప్రేమకొద్దీ. పేపర్లో అప్పుడప్పుడూ చూస్తుంటాం కదా. చదివినవాడు కుర్చీలోంచి పడిపోతాడు."

బాబాయి టీ గ్లాసు కింద పెట్టాడు. కాగితాలు ఒక్కొక్కటే సర్దుకుని, కట్టకు తాడు బిగించాడు.

"కంపెనీ వాళ్ళు మీకెంత ఇచ్చారు?" అన్నాడు.

పబ్లిషరు నోరు తెరిచి మూసేలోపు మెట్లెక్కి వీధిలోకి వచ్చేశాం. బస్టాపు దాకా ఆపుకుని, అక్కడ ఆయన్ని కడిగేశాను. ఇన్నేళ్ళు మా పరువు తీసినవాడివి, అచ్చయ్యే అదృష్టం వస్తే కాలదన్నావన్నాను. ఆ ముగింపుకేం, బ్రహ్మాండంగా ఉందన్నాను.

"ఉంది" అన్నాడు బాబాయి. "జరిగింది అదే."

నాకు వెంటనే బుర్రకెక్కలేదు. ఆస్పత్రి వరండాలో డాక్టరు తనొక్కడినే పిలిచి చెప్పాడట. మీ వదినగారికి చెప్పమంటారా అని అడిగాడట. బాబాయే వద్దన్నాడట. ఇదంతా ఆయన బస్సు వస్తుందేమోనని రోడ్డు వైపు చూస్తూనే చెప్పాడు.

"మరి కంపెనీ?" అన్నాను.

"వాళ్ళకేం తెలుసమ్మాయ్. వారానికి ఒకటి అని కాగితంలో వేశారు. ఆ కాగితం మా ప్రెస్సుదే. దిద్దింది నేనే. ఒక్క అచ్చుతప్పు లేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో తెలియలేదు. మాత్ర రాసిచ్చిన డాక్టరు గబగబా చెప్పి పంపేశాడు. మందుల షాపువాడు కవర్లో వేసిచ్చాడు. కంపెనీ సన్నక్షరాల్లో రాసి చేతులు దులుపుకుంది. బాబాయి ఆ అక్షరాలు దిద్దాడు. అందరూ ఎవరి పని వాళ్ళు సక్రమంగా చేశారు, మా నాన్న పోయాడు. కుట్ర పన్నాలన్నా ఒక మనిషి గురించి ఎవరో ఒకరు కూర్చుని ఆలోచించాలి కదా. నాన్న గురించి ఆ మాత్రం కూడా ఎవరూ ఆలోచించలేదు. అంత నవ్వుకున్నానే, ఆ కనురెప్ప వేయని చైర్మన్ నిజంగా ఒకడుంటే ఎంత బాగుండేదో అనిపించింది.

ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది. ఏమన్నాడని అడిగింది. నేను వంగి చెప్పులు విప్పుకోసాగాను.

"అమ్ముడుపోయాడు వదినా" అన్నాడు బాబాయి. "కంపెనీ వాడు మనకన్నా ముందే వెళ్ళొచ్చాడు."

"నేననుకుంటూనే ఉన్నాను" అంది అమ్మ. ఆమె మొహం కోపంతో వెలిగిపోయింది. "వాణ్ణి కూడా నవల్లో పెట్టు. వాడి గదికి మెట్లున్నాయా?"

ఉన్నాయని బాబాయి చెప్పాడు. అయితే ఏం చేయాలో నీకు తెలుసు కదా అని అమ్మ లోపలికెళ్ళి, ఆయన మాత్రల అట్ట తెచ్చింది. కిటికీ వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది రోజూ వేసుకునేదే కదూ?"

ఏళ్ళ తరబడి అమ్మ రోజూ అడిగే మాటే. నేను చెవిపెట్టి వినడం మాత్రం అదే మొదటిసారి. జరిగింది తెలిసిన ఒకే ఒక్క మనిషి, మాత్ర వంకైనా చూడకుండా, ఆమె ముందు అరచెయ్యి చాపి నిలబడ్డాడు.

"ఏమో వదినా. మీరిచ్చాక ఇంక కంపెనీ వాడు మాత్రం ఏం చేస్తాడు?"

గుటుక్కున మింగి, పబ్లిషర్ను మెట్ల మీంచి తోయడానికి కలం కోసం వెతుక్కున్నాడు. కలం కనబడలేదు. కంపెనీ వాళ్ళే పట్టుకుపోయి ఉంటారని ఆయనకన్నా ముందు నేనే అన్నాను.