అమ్మ మాటల బటన్లు

గొంతు ఆపరేషన్ తర్వాత అమ్మకు మాట పోయింది. ఈ బెంగాలీల ఊళ్లో, వాట్‌గంజ్‌లోని మా వీధినంతా కిటికీలోంచే అదుపులో పెట్టిన గొంతు అది. రాసి చూపించమందామంటే చెయ్యి వణుకు. చదవడం తెలుగొక్కటే వచ్చు. సాల్ట్ లేక్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వెలగబెడుతున్నాను కదా, ఆమె ఫోన్‌కి ఒక యాప్ చేశాను. తెర నిండా పెద్ద పెద్ద బటన్లు. వాటి మీద అమ్మ మాటలే, అమ్మ అనేట్టే: "నీల్లు", "నొప్పెడతంది", "ఇటు రా". ఏది నొక్కితే ఆ మాట తెరంతా కనిపిస్తుంది.

నా ల్యాప్‌టాప్‌లో అక్షరాలు చక్కగానే ఉన్నాయి. యాప్‌ని తయారుచేసే బిల్డ్ టూల్‌ను వేరే కంప్యూటర్‌లో నడిపాను. అంతే, ఫోన్‌లో ప్రతి బటన్ మీదా ప్రశ్నార్థకాలే! ఇది నన్నేటి అడుగుతంది అన్నట్టు అమ్మ చెయ్యి తిప్పింది. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. అక్షరాలు ఏ ఎన్‌కోడింగ్‌లో, అంటే ఏ అంకెల గుర్తులుగా దాచి ఉన్నాయో మనం చెప్పకపోతే, ఆ టూల్ తాను నడుస్తున్న కంప్యూటర్ అలవాటునే పట్టుకుంటుంది. ఆ కంప్యూటర్‌కేమో ఇంగ్లీషు తప్ప మరో అక్షరం తెలియదు. తెలియనప్పుడు అడగొచ్చు కదా, అడగదు. సెట్టింగుల్లో, అన్ని భాషల అక్షరాలూ పట్టే యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్ పేరు ఒక్క వరుస రాశాక అమ్మ మాటలు అమ్మకు కనబడ్డాయి. ఒక్కో అక్షరాన్నీ వేలితో తడుముకుంది.

సెలవులు కాబట్టి పగలు ఆమె దగ్గరుండేది నా కూతురు. అమ్మ బటన్ నొక్కి ఫోన్ చూపిస్తే పిల్ల నా వైపు తిరిగింది.

"అమ్మా, ఏటి రాసుంది?"

ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడుతుంది గాని, బళ్లో చదవడం నేర్చింది బెంగాలీ, ఇంగ్లీషే. అమ్మ ముఖం వాడిపోయింది. నాకు ప్రాణం ఉసూరుమంది.

ఈసారి ప్రతి తెలుగు మాట కిందా అదే మాటను బెంగాలీ అక్షరాల్లో పెట్టాను. పిల్ల కూడబలుక్కుంటూ చదివింది: "నొప్పె... డతంది." గొంతు దానిది, మాట అమ్మది. అమ్మ కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత వాళ్లిద్దరికీ నాతో పనిలేకపోయింది.

వానలు మొదలయ్యాక అమ్మను మళ్లీ ఆసుపత్రిలో చేర్చాం. అక్కడ అవసరపడతాయని ఇంకొన్ని మాటలు కలిపాను: "ఫేను తగ్గించు", "నర్సుని పిలు", "ఇంటికెల్దాం". ఇక ఇంటికి పంపే స్థితి లేదని ఒక సాయంత్రం డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి చెప్పాడు. నేను లోపలికి వెళ్లేసరికి పిల్ల మంచం పక్కన నిలబడి గట్టిగా చదువుతోంది.

"ఇంటికెల్దాం."

"రేపెల్దామే అమ్మా," అన్నాను. అమ్మ నా ముఖంలోకి చూసింది. చూస్తూనే మళ్లీ నొక్కింది.

"అమ్మా, అమ్మమ్మ మల్లా అదే నొక్కింది. చదవనా?"

"వద్దులే తల్లీ. నాకినబడింది."