చింతపండుతో తోమిన రూపాయి

భూపాలపల్లిలో నేను పనిచేసే ఆఫీసులో మధ్యాహ్నం టిఫిన్ గిన్నెల మూతలు తీసే వేళకు ఎవరో ఒకరు ఫోన్ చూపిస్తారు. పాత రెండు రూపాయల బిళ్లకు లక్షలట, ట్రాక్టర్ బొమ్మ ఉన్న ఐదు రూపాయల నోటుకు అంతకన్నా ఎక్కువట. అందరూ అన్నం వదిలి పర్సులు వెతుక్కుంటారు. నేను మాత్రం నా అన్నం నేను తింటాను. పాత రూపాయి ఖరీదు ఎంతో నాకు ఇరవై ఏళ్లప్పుడే తేలిపోయింది. తేల్చింది మా దాది, అంటే మా నాయినమ్మ.

మాది గూడూరు దగ్గర తండా. దాది మెడలో వెండి రూపాయల హారం ఉండేది. ఒక్కో రూపాయికి చిన్న రింగు అతికించి దారానికి గుచ్చినవి. ఒక్క రూపాయికి మాత్రం ఆమె రింగు పెట్టించలేదు. అది నిజాం కాలం నాటిది, ఒకవైపు చార్మినార్ బొమ్మ. దాదికి వాళ్ల అమ్మ ఇచ్చింది. నా పెళ్లికి రింగు పెట్టించి నా మెడలో వేస్తానని నడుముకు కట్టుకున్న గుడ్డసంచిలో దాచింది. ఏళ్ల తరబడి ఆ సంచిలోనే ఉండి మాడిన పెనంలా నల్లబడింది.

తెలంగాణ కోసం ఊరూరా జెండాలు లేచిన రోజులవి. నేను మానుకోటలో, అంటే మహబూబాబాద్‌లో, డిగ్రీ పూర్తిచేసి హన్మకొండలో కంప్యూటర్ కోర్సు చేస్తానని పట్టుబట్టాను. పత్తి ఇంకా చేలోనే ఉంది, బాపు దగ్గర పైసలు లేవు. రింగు అతికించని పాత రూపాయలకు మంచి ధర వస్తుందని పేపర్లో చదివాను. జనగామలో కొనేవాడు ఒకాయన ఉన్నాడని తెలిసి ఫోన్‌లో చెప్పి పెట్టాను. నాకు పట్టుదల ఎక్కువ, కోపం అంతకన్నా ఎక్కువ. మూడు రోజులు అన్నం మీద అలిగాను. నాలుగో రోజు దాది "సరే తీ, పోదాం" అంది. మేమిద్దరం మాట్లాడుకునేది మా తండా భాషలోనే, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

బయల్దేరే ముందురోజు ఆ కొనేవాయన తిరిగి ఫోన్ చేస్తే నేను బోరింగు దగ్గర ఉన్నాను. దాదే మాట్లాడింది. ఏమన్నాడని అడిగితే "రమ్మన్నడు" అంది, అంతే.

బస్సులు సమ్మెలో ఉన్నాయి. జీపులో ఇరుక్కుని పోతుంటే తొర్రూరు దాటాక రోడ్డుకు అడ్డంగా ఉద్యమం వాళ్ల వంటావార్పు. ఆడవాళ్లు మూడు రాళ్ల పొయ్యి మీద పప్పుచారు కాస్తున్నారు. జీపు ఆగింది.

"గంటదాంక దారి లేదు. దిగుండ్రి, తినిపోదురు" అని ఒకామె మా చేతుల్లో విస్తర్లు పెట్టింది. తింటుంటే ఎక్కడికి పోతున్నారని అడిగింది. ఇంట్లోవాళ్లకే సంచి చూపించని దాది, అడగ్గానే ముడి విప్పింది.

"గింత నల్లగున్నదేందవ్వా? గిట్ల తీస్కపోతే ఎవలు కొంటరు?"

"గదే నేనూ అనుకుంటున్న. జర చింతపండు పెట్టు బిడ్డా" అంది దాది.

మాసిన వెండితో గడప దాటడం మా తండాలో నామోషీ. పెళ్లికి పోయినా, అంగడికి పోయినా తోమాల్సిందే. అందుకని నాకేమీ అనుమానం రాలేదు. దాది చింతపండు గుజ్జుతో, పొయ్యిలో బూడిదతో రుద్దింది. ఆమె చెయ్యి నొస్తే నేను రుద్దాను. చార్మినార్ నాలుగు మినార్లూ బయటపడితే పొయ్యి చుట్టూ ఉన్న ఆడవాళ్లందరూ జై కొట్టారు. నేనైతే హన్మకొండ చేరిపోయినంత సంబరపడ్డాను.

జనగామలో ఆ కొనేవాయన భూతద్దం పెట్టి చూసి రూపాయిని బల్ల మీద పెట్టేశాడు.

"ఎవలు తోమిన్రు?"

నేను గర్వంగా మేమే అన్నాను.

"ఆ నలుపే దీని ధరమ్మా. నలుపు పాయె, మీదికెళ్లి గీతలు వడ్డయి. ఇగ వెండి ధర తప్ప ఏం రాదు." తర్వాత దాది వైపు తిరిగాడు. "ఫోన్ల మరీ మరీ చెప్పిన గదనే అవ్వా, కడగకుండ ఉన్నదున్నట్టు తెమ్మని?"

"ముసల్దాన్ని నాయినా. చెవులు వినవడయి" అంది దాది.

గుట్ట అవతల మేక అరిస్తే అది ఎవరి మేకో చెప్పే చెవులవి.

వచ్చేటప్పుడు జీపులో నేను అటు తిరిగి కూర్చున్నాను. దాది నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"నీకు లేదన నోరు రాలే బిడ్డా. అమ్ముదామంటే చెయ్యి రాలే. వాళ్లు చింతపండు నానబెడుతుంటే చూసిన."

"మరి నా చదువు?" అని అరిచాను. జీపంతా మా వైపు చూసింది. దాది సంచి ముడి గట్టిగా బిగించుకుంది.

వారం తిరగకుండా ఆమె రెండు మేకలను అంగడికి తోలింది. పిల్లలప్పటి నుంచి తన మంచం కోళ్లకు కట్టేసుకుని పెంచినవి. పైసలు నా చేతిలో పెడుతుంటే సిగ్గుతో తలెత్తలేకపోయాను. మేకలను అమ్మినదానివి రూపాయి ఎందుకు అమ్మలేదని మెల్లగా అడిగాను.

"మేకలు మళ్ల పుడ్తయి" అంది. "మా అమ్మ మళ్ల పుట్టి ఇంకో రూపాయి ఇస్తదా?"

ఆ కోర్సే నన్ను ఈ ఆఫీసులో కూర్చోబెట్టింది. దాది మాట నిలబెట్టుకుంది, నా పెళ్లికి రూపాయికి రింగు పెట్టించింది. ఇప్పుడు ఆమె లేదు. రూపాయి నా మెడలో ఉంది, పండగలకు నేనే తోముతాను, చింతపండుతోనే.

మొన్న ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి దాన్ని పట్టుకుని చూసి, ఫోన్ తీసింది.

"అక్కా, గిది నిజాం రూపాయి గదా. దీనికి ఎంతొస్తది?"

"రెండు మేకలు" అన్నాను.