ఫ్రిజ్ తలుపులో మూడో రంధ్రం

ఫ్రిజ్ తలుపుకి ఎన్ని కుళాయిలు బిగించాలన్న విషయం మా ఇంట్లో ఓ చలికాలమంతా నలిగింది. ప్రపంచంలో ఇంతకన్నా పెద్ద సమస్యలున్నాయని మా ఆవిడ మధ్యమధ్యలో గుర్తు చేస్తూనే ఉంది. ఉంటే ఉన్నాయి, వాటి గురించి నన్నెవరూ అడగలేదు.

ముందే ఒక సంగతి చెప్పేస్తాను. ఆ కుళాయిల్లో వచ్చేది సోడా, బీరు కాదు. మేముంటున్నది ఖతర్‌లో, అల్ ఖోర్ అనే ఊళ్ళో, మందు సులువుగా దొరకని చోటు. కెగ్ అన్న మాట వినగానే కన్నుగీటి, మర్నాడే మా ఇంటికి వచ్చిన పెద్దమనుషులు ఉన్నారు. వాళ్ళకి గ్లాసు నింపి ఇచ్చాను. తాగి, అల్లం ఘాటుకి దగ్గి, మళ్ళీ మా వీధి తొక్కలేదు. కెగ్ అంటే మూత గట్టిగా బిగిసే పొడుగాటి స్టీలు డబ్బా, అంతే. అందులో నీళ్ళూ అల్లం పాకమూ పోసి, గ్యాస్ సిలిండర్ తగిలించి, పాత ఫ్రిజ్‌లో పెట్టి, తలుపుకి కన్నం చేసి కుళాయి బిగిస్తే, తిప్పినప్పుడల్లా చల్లటి సోడా వస్తుంది. ఆ పాత ఫ్రిజ్ మా పైవాటా వాళ్ళది. దేశం వదిలి వెళ్ళిపోతూ చవగ్గా అమ్మేశారు. ఇక్కడ మా ఇంట్లో ఉన్న సామాను సగం అలా వెళ్ళిపోయినవాళ్ళదే.

కన్నం చేశాక పూడ్చలేం. అందుకే లెక్క ముందే తేలాలి. ఒకటి నాకు, అల్లం సోడా. మా ఆవిడకి చక్కెర పడదు, కాబట్టి వట్టి సోడాకి ఇంకొకటి. ఇంతవరకూ పేచీ లేదు. పేచీ అంతా మూడోదాని దగ్గరే.

మూడోది మా వెల్డర్ కోసం. వెల్డర్ అని ఇక్కడ రాస్తున్నాను గానీ ఇంట్లో మనిషి. తెలంగాణలో గోదావరి ఒడ్డు పల్లె నుంచి వచ్చి రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటు కార్మికుల క్యాంపులో ఉంటాడు. నాది అదే గోదావరి సముద్రంలో కలిసే చోటు. నేను అదే ప్లాంటులో మెయింటెనెన్స్ సూపర్‌వైజర్ని. ఇక్కడ సెలవూ చర్చీ శుక్రవారమే. ప్రతి శుక్రవారం మేం ప్రార్థన నుంచి తిరిగొచ్చేసరికి అతను క్యాంపు బస్సు దిగి, మా గేటు దగ్గర నిలబడి ఉంటాడు. తనకి నిమ్మ, నల్ల ఉప్పు, జీలకర్ర పొడి కలిపిన సోడా కావాలి. ఆ నల్ల ఉప్పు కోసం నన్ను దోహాలో నజ్మా బజారు దాకా కారు తోలించిన ఘనుడు.

ఆ చలికాలం అతని కాంట్రాక్టు అయిపోవచ్చింది. కంపెనీ కాగితం ఇచ్చింది, ఉంటావా, ఎగ్జిట్ మీద శాశ్వతంగా ఇంటికి పోతావా అని. అతను తేల్చుకోలేకపోతున్నాడు. అతను వెళ్ళిపోవడం నాకు ఇష్టం లేదు. ఇందులో దాపరికమేమీ లేదు, అతని దగ్గర తప్ప. ప్లాంటులో నన్ను సార్ అనేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. నా మాట మధ్యలో ఆపి "నీకేం తెల్వదన్నా, సప్పుడు చెయ్యకు" అనేవాడు ఇతనొక్కడే. ఆ మాట వినకుండా ఒక వారం గడిస్తే నాకు ఏదో వెలితిగా ఉంటుంది.

ఉండిపో అని అడగొచ్చు. నా నోటికి ఆ మాట రాలేదు. కాబట్టి ప్రతి శుక్రవారం భోజనాలయ్యాక కుళాయిల గురించి అడిగేవాణ్ణి.

"ఇంతకీ రెండా, మూడా?"

"సూద్దాం తియ్యన్నా. ఇంటామె ఫోన్ల ఒక్కటే మాట, దుబాయ్ ఇగ సాలు, రమ్మని. నేనున్నది ఖతర్ అని చెప్పుడు ఎప్పుడో బంద్ జేసిన."

"నేనడిగింది కుళాయిల సంగతి."

"నేను జెప్పేది గూడ గదే."

అతను బస్సెక్కాక మా ఆవిడ అంది, "ఉండిపొమ్మని సూటిగా అడగొచ్చు కదండీ. మధ్యలో ఆ ఫ్రిజ్ ఏం చేసింది?" నేను ఆవిడకి ప్లాంటు పద్ధతి వివరించాను. పైపు వేసేటప్పుడే, రేపెప్పుడైనా ఇంకో లైను కలపాల్సి వస్తుందేమోనని ఒక మూతి వదులుతాం. దానికి ఇనప బిళ్ళ బిగించి మూసేస్తాం. ఆ బిళ్ళని బ్లైండ్ అంటాం. పక్కన ఫ్యూచర్ అని రేకు తగిలిస్తాం. ఆవిడ శ్రద్ధగా విని, "వాటిని తర్వాత తెరుస్తారా?" అంది. నా సర్వీసులో ఒక్కటి కూడా తెరవగా చూడలేదు. ఎండకి పెచ్చులూడినప్పుడల్లా రంగు మాత్రం వేయిస్తాం. ఆ ముక్క ఆవిడకి చెప్పకుండా ఉండాల్సింది.

ఎండలు ముదరకముందే ఒక శుక్రవారం అతను సంచీ నిండా సామానుతో బస్సు దిగాడు. డ్రిల్లు, కన్నాలు కోసే రంపపు బిళ్ళ, చిన్న గుడ్డ మూట. చెప్పులు విప్పుతూనే చెప్పేశాడు.

"సంతకం పెట్టిన అన్నా. ఎగ్జిట్‌కే."

నాకు ఒళ్ళు మండింది. "మంచిది. అయితే రెండే," అన్నాను. టికెట్ ఎప్పటికి అని కూడా అడగలేదు. అడిగింది మా ఆవిడే. అడిగి, అన్నం చల్లారిపోతుందంటూ వంటింట్లోకి వెళ్ళి, చాలాసేపు బయటికి రాలేదు.

తిన్నాక అతను ఫ్రిజ్ తలుపు మీద పెన్సిల్‌తో గుర్తులు పెట్టాడు. నేను సోఫాలో కూర్చుని పని ఉన్నవాడిలా ఫోను చూసుకుంటున్నాను. మొదటి కన్నం అయింది. రెండోది అయింది. డ్రిల్లు ఆగలేదు. లేచి చూస్తే మూడోది కోస్తున్నాడు, మొదటి రెంటికీ మధ్య ఎంత ఎడముందో సరిగ్గా అంతే ఎడంలో.

"రెండు చాలన్నాను కదా!"

"నీకేం తెల్వదన్నా, సప్పుడు చెయ్యకు."

గుడ్డ మూట విప్పాడు. అందులో స్టీలు బిళ్ళ, దానికి రబ్బరు వాషరు. ఆ వారమే వర్క్‌షాపులో కోసి, అద్దంలా మెరిసేదాకా పాలిష్ పట్టాడట. మూడో కన్నానికి దాన్ని బిగించి, అరచేత్తో తుడిచాడు. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. నా ప్లాంటు పాఠం అతనికి అప్పజెప్పింది ఆవిడేనని మొహం చూస్తేనే తెలిసిపోయింది.

"ఫ్యూచర్లు ఎవరూ తెరవరు," అన్నాను.

"తెరువకున్నా ఉండాలె గదనే."

అప్పుడు అడిగాను, ఉండిపోవచ్చు కదరా అని. సంతకం పెట్టేశాక అడిగాను. అతను మిగతా రెండు కన్నాలకీ కుళాయిలు బిగించి, కెగ్ తగిలించాడు. అల్లం సోడా ఒక గ్లాసు పట్టుకుని తాగాడు. అతనికి అల్లం సోడా అసలు పడదు.

ఇప్పుడు అతను ఊళ్ళో వెల్డింగ్ షాపు నడుపుతున్నాడు. ఫోన్ చేసినప్పుడల్లా రెండు కుళాయిలూ బాగున్నాయా అని అడుగుతాడు, బాగున్నాయంటాను. మూడోదాని ఊసు ఇద్దరం ఎత్తం. ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళు ఆ బిళ్ళ ఏమిటని అడుగుతారు. వాళ్ళకి మా ఆవిడే ఏదో ఒకటి చెబుతుంది. శుక్రవారం ప్రార్థన నుంచి వచ్చాక నేను పొడిగుడ్డ తీసుకుని ఆ బిళ్ళని తుడుస్తాను. అది స్టీలు, రంగు వేసే పని లేదు.