సన్నాయికి లేని మెట్లు

మొన్న దేవరకొండ నుంచి నల్లగొండకు వస్తున్న బస్సులో నా ముందు సీటాయన ఫోను మోగింది. రింగుటోను సన్నాయి. మొదటి రెండు స్వరాలు నిండుగా, మనిషి ఊపిరితో మోగాయి. మూడోది పైకి ఎగబాకి, సన్నబడి, చెవిలో దోమ దూరినట్టు కీచుమంది. ఆయన ఫోను వెతుక్కునేలోపు అది నాలుగుసార్లు కీచుమంది, నాలుగుసార్లూ నా పళ్లు పటపటలాడాయి. ఆ స్వరం ఏ సన్నాయిలోనూ లేదు. ఏ మనిషీ దాన్ని ఊదలేదు. కంప్యూటరు ముందు కూర్చుని దాన్ని పుట్టించిన ఘనుణ్ణి నేనే. ఆ పని చేసి ఎనిమిదేళ్లయింది, ఇంకా ఏదో ఒక జేబులోంచి అది నా మీదికి లేస్తూనే ఉంది.

ఆ మొదటి రెండు స్వరాలు ఊదినాయన కిష్టయ్య మామ. నాకు చుట్టం కాదు. దేవరకొండలో మా స్టూడియో ఎదురుగా ఆయనకు కటింగ్ షాపు ఉండేది. మామూలు రోజుల్లో కత్తెర, పెళ్లిళ్ల రోజుల్లో సన్నాయి, అది వాళ్ల ఇంటి పని. ముసలివాళ్లందరూ జ్ఞాపకాల్లో శాంతమూర్తులైపోతారు గాని, ఈయన కాడు. నోరు మంచిది కాదు. సన్నాయి సప్పుడుకు మా బర్రె బెదురుతుందని ఎగతాళి చేసినవాణ్ణి, గడ్డం సగం గీసి, సబ్బు నురగతోనే బయటికి పంపాడు. వాడు మిగతా సగం కోసం ఊరంతా తిరిగాడు. నాకు కోపం ఎక్కువని నా దగ్గర పనిచేసేవాళ్లు అంటారు. ఎక్కువే. ఎవరి దగ్గర నేర్చుకున్నానో వాళ్లకు తెలియదు.

మాది నేత ఇల్లు. మా నాయిన మగ్గం దిగకుండా నన్ను కంప్యూటర్ల చదువు చదివించాడు. ఆ చదువుతో నేను పాటల స్టూడియోలో చేరాను. తెలంగాణ వచ్చిన కొత్త ఊపు అది, ఎక్కడ చూసినా జానపద పాటలే, వారానికి రెండు మూడు చేసేవాళ్లం. మా ఓనరు ప్రభాకర్ సార్ కొన్న సాఫ్ట్‌వేరులో లోకంలోని వాయిద్యాలన్నీ ఉన్నాయి, మన సన్నాయి మాత్రం లేదు. ఉత్తరాది షెహనాయి ఒకటి ఉండేది. అది మెత్తగా, మర్యాదగా మోగేది. మన సన్నాయికి అంత మర్యాద ఎక్కడిది? పెళ్లి పందిట్లో వంద మంది అరుస్తుంటే వాళ్ల మీదుగా వినబడాల్సిన వాయిద్యం అది. మనమే తయారు చేసుకుందామని నేనన్నాను. రోడ్డు దాటి వెళ్లి కిష్టయ్య మామను అడిగాను.

మూడు రోజులు రికార్డు చేశాం. ఒక్కో స్వరాన్ని విడిగా, ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా ఊదాలి. దాన్ని తీసుకుని కీబోర్డు మీద ఒక్కో మెట్టుకు తగిలించాలి. తర్వాత ఆ మెట్టు ఎవరు నొక్కినా ఆయన ఊపిరి మోగుతుంది. సన్నాయి ఊదే ఆకును నోట్లో నానబెడుతూ ఆయన నన్ను అనుమానంగా చూశాడు.

"గీ ఒక్కొక్క సప్పుడు తీస్కపోయి ఏం జేస్తవు పిలగా? దండ గుచ్చుతవా?"

"అట్లనే అనుకో మామా."

పై స్వరాల దగ్గరికొచ్చేసరికి మెడ నరాలు ఉబ్బాయి, కళ్లు ఎర్రబడ్డాయి. ఆఖరిది ఊది సన్నాయి ఒళ్లో పెట్టుకున్నాడు.

"గీడిదాంకనే. గింతకు మీద నాది లేదు. లేనిదాన్ని ఉన్నదని ఎవ్వనికి జెప్పకు."

చెప్పనన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో ఇప్పుడు తలచుకుంటే నన్ను నేను కొట్టుకోవాలనిపిస్తుంది.

ఆ తర్వాత ఏడాదిపాటు నా చెవికి ఆయనే గురువు. మధ్యాహ్నం షాపులో ఎవరూ లేనప్పుడు నన్ను గోడ వైపు తిప్పి కూర్చోబెట్టి, ఊది, ఏ స్వరమో చెప్పమనేవాడు. తప్పు చెబితే మెడ మీద తువ్వాలు దెబ్బ పడేది. ఒకసారి ఆయన స్వరాల్లో అక్కడక్కడ ఉన్న వంకరను కంప్యూటర్లో సరిచేసి, మెచ్చుకుంటాడని వినిపించాను. మెచ్చుకున్నాడు మరి!

"గాడిద కొడుకా, ఇస్త్రీ జేసినవా దీన్ని? మీదికి వొయ్యే ముందుగాల సన్నాయి జర కుంటుతది. ఎక్కాలంటె కష్టమైతది గనుక కుంటుతది. గా కష్టం దీసేస్తె నాకెందుకు, నీ డబ్బాతోనే ఊదిచ్చుకో పో!"

అన్నీ మళ్లీ మొదటి నుంచి చేశాను. అలా తిట్లు తింటూనే ఒక వాయిద్యం ఎక్కడ కష్టపడుతుందో వినడం వచ్చింది నాకు. నాలుగేళ్లు కాలేజీలో కూర్చుంటే ఎవరూ నేర్పని విద్య అది. ఇవాళ నేను తినే ప్రతి మెతుకూ ఆ తువ్వాలు దెబ్బల పుణ్యమే.

అప్పుడొచ్చింది ఆ పాట. పాడే అమ్మాయిది పెద్ద గొంతు, పైకెత్తి పాడింది. సన్నాయి ఆమెకు బదులు పలకాలంటే కిష్టయ్య మామ ఆఖరి స్వరం మీద ఇంకా ఏడు మెట్లు కావాలి. ఆ మెట్లు నొక్కితే చప్పుడే లేదు. నేను రోడ్డు దాటి వెళ్లి సంగతి చెప్పాను. ఆయన కోప్పడలేదు, ఆలోచించాడు.

"మా బావమర్ది అచ్చంపేటల ఉంటడు. ఆయన తాన పొట్టి సన్నాయి ఉన్నది. గది మీదికి వోతది. రెండు దినాలు ఆగుండ్రి, నేనే వొయ్యి తెస్త."

రెండు రోజులు. అంతే ఆయన అడిగింది. ప్రభాకర్ సార్ నవ్వాడు.

"రెండు రోజులా? రేపు పొద్దుగాల పాట నెట్ల ఎక్కాలె. ఉన్నదాన్నే గుంజవయ్యా, ఎవడు జూస్తడు?"

గుంజడమంటే పెద్ద పనేమీ కాదు. తెర మీద ఒక్కో స్వరానికి ఒక్కో డబ్బా గీసి ఉంటుంది. ఆఖరి డబ్బా అంచును మౌసుతో పట్టి పక్కకు లాగితే, అదే స్వరం పక్క మెట్లన్నింటి మీదికీ పాకుతుంది. పాకినకొద్దీ వేగం పెరిగి, పలచబడి, మనిషి పోయి కీచు మిగులుతుంది. ఎంత మగ్గానికి అంత బట్టేనని తెలిసిన ఇంట్లో పుట్టినవాణ్ణి నేను. అయినా లాగాను. కిందివైపు కూడా లాగాను, ఎప్పుడైనా పనికొస్తుందని. రెండు నిమిషాలు పట్టింది. ప్రభాకర్ సార్ బలవంతం చేశాడని చెప్పుకోవచ్చు, చాలా రోజులు అలాగే చెప్పుకున్నాను. కానీ మౌసు మీద ఉన్నది నా చెయ్యి. వద్దంటే ఆయన నన్ను కొట్టేవాడా, చంపేవాడా? పొట్టి సన్నాయి అవసరం పడలేదని మామకు అబద్ధం చెప్పాను.

పాట ఎగిరింది. నెల తిరగకుండా ఏ పెళ్లికి వెళ్లినా అదే. మమ్మల్ని పిలిచి మరీ కూర్చోబెట్టేవాళ్లు. అలాంటి ఒక పెళ్లికి ప్రభాకర్ సారూ నేనూ వెళ్లాం. మేళం కిష్టయ్య మామది, మా పాట వచ్చాక ఆయన ఊదుతున్న మొదటి పెళ్లి. ఎదురుకోళ్లు జరుగుతున్నాయి, పెళ్లికొడుకు వాళ్లను మేళంతో ఎదురెళ్లి తీసుకొస్తున్నారు. నడుమ పెళ్లికొడుకు దోస్తులు స్పీకర్లో మా పాట పెట్టారు. మొదటి స్వరానికే మామ తల ఎత్తాడు. తన ఊపిరిని తాను గుర్తుపట్టని సన్నాయి కళాకారుడు ఉంటాడా? ఆ వెంటనే అది ఆయన ఆఖరి మెట్టు దాటి పైకి పోయింది. ఆయన చూస్తూ నిలబడ్డాడు.

పాట ఆపి దోస్తులు ఆయన చుట్టూ మూగారు.

"తాతా, గిదే వాయించు. పాటల ఉన్నట్టే మీదికి వోవాలె."

ఆయన అక్కడే చెప్పి ఉండవచ్చు, అది సన్నాయితో కాదని. చెప్పలేదు. ఆకు తడిచేసుకుని మొదలుపెట్టాడు. తన స్వరాలన్నీ ఎక్కాడు, ఆఖరి దాని దగ్గర కుంటుతూ ఇంకా పైకి ఊదాడు. మెడ నరాలు ఉబ్బాయి. ఆకు చీలింది. సన్నాయి బర్రున ఒక చప్పుడు చేసి ఆగిపోయింది. అందరూ గొల్లుమన్నారు.

"ముసలాయనకు దమ్ము అయిపోయిందిరో! డీజే పెట్టుండ్రి!"

నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. చేతిలో బగారన్నం ప్లేటు ఉంది. పెళ్లికొడుకు అన్న అప్పుడే నా చెయ్యి ఊపి, పాట బ్రహ్మాండంగా చేశావన్నాడు. ఆ పాటలోదీ ఈయన సన్నాయే, పైనున్నది మేం లాగిన దొంగ చప్పుడు, ఏ మొనగాడూ దాన్ని ఊదలేడు అని ఒక్క మాట. అంతే. నా నోట్లో బగారన్నం ఉంది. నమిలాను, మింగాను.

మర్నాడు పొద్దున్నే ఆయన మొదటిసారి తనంతట తాను స్టూడియో మెట్లెక్కి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"గా పాటల సన్నాయి నాదేనా?"

"నీదే మామా."

"గా మీది సప్పుడు?"

"నేనే గుంజిన."

తువ్వాలు కోసం చూశాను. ఆయన చేతులు కదలలేదు.

"నిన్న పందిట్ల నువ్వున్నవ్ గద."

"ఉన్న."

"మరి గీ ముక్క ఆడ జెప్పకపోతివి."

ప్రభాకర్ సార్ లోపలి నుంచి వచ్చి, నీ సన్నాయికి జిల్లా అంతా పేరొచ్చింది కదా కిష్టయ్యా అన్నాడు. ఆ మాటకు నాకు ఇవాళ్టికీ రక్తం మరుగుతుంది. ఎవరి పేరు? పాట కింద ఆయన పేరు రాయనే లేదు. మామ ఆయన వైపు చూడకుండా దిగి వెళ్లిపోయాడు.

లాగిన డబ్బాలన్నీ ఆ రోజే వెనక్కి తోశాను. ఏం లాభం? అప్పటికే ఆ వాయిద్యాన్ని ప్రభాకర్ సార్ పెన్‌డ్రైవుల్లో తెలిసినవాళ్లందరికీ పంచాడు. అచ్చంపేట నుంచి షాద్‌నగర్ దాకా స్టూడియోల్లో అది చేరిపోయింది. ఫోన్లు చేసి, పై మెట్లు తీసేయండి, అవి సన్నాయివి కావు అని బతిమాలాను. మోగుతున్నదాన్ని ఎందుకు తీస్తాం, నీకు పిచ్చా అన్నారు. ఆ పెళ్లి తర్వాత కిష్టయ్య మామ మేళానికి పోలేదు. అడగడానికి వచ్చినవాళ్లను కూడా, దమ్ము లేదని తానే చెప్పి పంపేవాడట. అబద్ధం. ఆయనకు దమ్ము ఉంది. లేనిదల్లా నాకు.

పదిహేను రోజులు ముఖం చాటేశాను. చివరికి తెగించి వెళ్లి షాపులో కుర్చీలో కూర్చున్నాను. తువ్వాలుతో కొడతాడనీ, గాడిద కొడుకా అంటాడనీ, సగం గుండు గీసి రోడ్డు మీదికి తోస్తాడనీ ఆశపడ్డాను. అవును, ఆశే. ఆయన శుభ్రమైన గుడ్డ దులిపి నా మెడ చుట్టూ కట్టాడు.

"ఎట్ల దియ్యమంటరు సార్?"

కుర్చీలోనే వెనక్కి తిరిగాను.

"మామా, తిట్టు. కొట్టు. గట్లనకు."

"తిట్టేటోళ్లు, తిట్టిచ్చుకునేటోళ్లు ఒక్కింటోళ్లు అయ్యుంటరు సార్. తల వంచుండ్రి."

వంచాను. ఒక్క వెంట్రుక అటూ ఇటూ కాకుండా, ఎవరో దారిన పోయే పెద్దమనిషికి చేసినంత మర్యాదగా కటింగ్ చేశాడు. ఆయన పోయేదాకా నాకు దక్కింది ఆ మర్యాదే.

ఇప్పుడు నల్లగొండలో నాకు సొంత స్టూడియో ఉంది. డక్కీ, కిన్నెర, బూర, ఏది రికార్డు చేసినా కళాకారుడు ఆగిన చోటే నా కీబోర్డు ఆగుతుంది, మిగతా మెట్లు ఖాళీ. పై స్వరం కావాలంటే ఆ స్వరం పలికే వాయిద్యం దొరికేదాకా పాట ఆగుతుంది. దొరకకపోతే పాట మారుతుంది. పోయే గిరాకీ పోతుంది. నా దగ్గర పనిచేసే ముగ్గురినీ గట్టిగా తిడతాను, ఒక్కోసారి చేతిలో ఉన్నది విసురుతాను. ఈ కోపమేంటన్నా, బీపీ మాత్రలు వేసుకో అని నవ్వుతారు. నవ్వనీ. చేరిన రోజే వాళ్లకు ఒక మాట చెప్పి పెట్టాను: నేను తిట్టినన్నాళ్లు మీకేం ఫికర్ లేదు, ఎప్పుడన్నా మీలో ఎవరినైనా ‘మీరు’ అని పిలిచానంటే మాత్రం, ఏం చేశారో ఆలోచించుకోండి.