బాలమ్మ గుండు

ఎనభైల్లో ఫిల్మ్ నగర్ బండల మధ్య షూటింగులకు దారి చూపేది షేక్‌పేట బక్కయ్యే. ఏనుగు గుండు, పిట్టల గుండు అంటూ రాళ్లను పేరుపెట్టి పిలిచేవాడు, వెళ్లేటప్పుడు అరచేత్తో తట్టేవాడు. ఒకరోజు షూటింగు పేరు లేని ఒక గుండు దగ్గర పడింది. ప్రొడక్షన్ మేనేజర్ సుబ్బరామయ్య డ్రైవర్లకిచ్చే కాగితంలో 'పెద్ద బండ దగ్గర' అని రాస్తే, వ్యాన్లు తలో పెద్ద బండ దగ్గర ఆగాయి. ఎండ వాలేలోపు బక్కయ్యే పరుగెత్తి అందరినీ ఆ గుండు దగ్గరికి చేర్చాడు.

"షూటింగు నిలబెట్టావయ్యా! ఈ గుండుకి పేరు లేదన్నావుగా, నీ పేరే రాస్తాను" అన్నాడు సుబ్బరామయ్య.

"నాదెందుకు సారూ? నన్ను గన్న అవ్వ బాలమ్మ పేరు రాయుండ్రి. నన్ను గీ నీడల పండవెట్టి గడ్డి కోసేది."

మర్నాడు కాగితంలో 'బాలమ్మ గుండు' అని చూసి వ్యాన్లన్నీ నేరుగా అక్కడికే వచ్చాయి. అప్పటికే బక్కయ్య, ఇంటికి చుట్టాలొస్తున్నట్టు, గుండు చుట్టూ ఊడ్చి నీళ్లు చల్లి ఉంచాడు.